గోదారొడ్డు ఊరి చరిత్ర రాసి దాచుకోవడం ఎలా?

ఊరి చరిత్ర అనగానే చాలామంది రాజరాజనరేంద్రుడు మన ఊరి మీదుగా వెళ్లాడా, రెడ్డిరాజులు ఇక్కడ గుడి కట్టించారా అని వెతకడం మొదలుపెడతారు. ఆ పని ఇంకో ఏడాది ఆగినా ఫర్వాలేదు. ఆగనిది మనుషుల వయసు. రేవులో పడవ నడిపినవాళ్లు, లంకల్లో పొగాకు పండించినవాళ్లు, 1986 వరదలో డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లైపోయారు. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం వైపు ఊళ్లకు ఊళ్లే పునరావాస కాలనీలకు తరలిపోయాయి. అందుకే ముందు మనుషుల దగ్గరకు వెళ్లండి, కాగితాల సంగతి తర్వాత చూద్దాం.

మొదట ఒక కాలపట్టిక

పెద్దవాళ్లు సంవత్సరం అంకె చెప్పరు. "వరదొచ్చిన ఏడు", "మా పెద్దాడు పుట్టిన పుష్కరం" అంటారు. ఎవరినైనా కలిసే ముందే ఒక కాగితం మీద గుర్తులు వరసగా రాసుకోండి: 1953 వరద, 1967 పుష్కరాలు, 1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు-రైలు వంతెన, 1977 నవంబరు ఉప్పెన, 1979 పుష్కరాలు, 1983లో రెండు రూపాయల బియ్యం, 1986 ఆగస్టు వరద, 1991 పుష్కరాలు, 1996 నవంబరు కోనసీమ తుపాను, తర్వాత 2003, 2015 పుష్కరాలు. వీటి మధ్య మీ ఊరివి కలపండి: కరెంటు వచ్చిందెప్పుడు, బడి కట్టిందెప్పుడు, రేవులో పంటు (జనాన్ని, బండ్లను అవతలి ఒడ్డుకు దాటించే పెద్ద పడవ) ఆగిపోయిందెప్పుడు. "వంతెనయ్యాక రెండేళ్లకు కాపురానికొచ్చాను" అని ఒక మామ్మగారు అంటే అది 1976 అని మీకు అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ పట్టిక లేకుండా ఎన్ని గంటలు రికార్డు చేసినా, తర్వాత విన్నప్పుడు ఏది ముందో ఏది వెనకో తేలదు.

అడిగే తీరు

"ఊరి చరిత్ర చెప్పండి" అని మాత్రం అడగొద్దు. "నాకేం తెలుసు బాబూ, కరణంగారింట్లో అడుగు" అనేస్తారు. వస్తువు గురించో పని గురించో అడగండి. అవతలి ఒడ్డుకు దాటించినందుకు డబ్బులిచ్చేవారా, ధాన్యం కొలిచేవారా? తెరచాప ఎవరు కుట్టేవారు? గాలి పడిపోతే గెడ వేసేవారా, గట్టు మీద నుంచి తాడుతో లాగేవారా? ఏ సుడి దగ్గర సరంగు (పడవ నడిపే పెద్ద) పడవను పక్కకు తిప్పేవాడు?

ఎర్రనీరు వచ్చినప్పుడు తాగే నీళ్లెలా అని అడిగి చూడండి. ఇండుపగింజ మాట వస్తుంది. బిందె లోపలి అంచుకు గింజను అరగదీసి వదిలేస్తే కాసేపటికి మట్టి అడుక్కి దిగి, పైన తేటనీరు మిగిలేది. అది చెబుతున్నప్పుడు ఆ మామ్మగారి చెయ్యి తనకు తెలియకుండానే గాల్లో గుండ్రంగా తిరుగుతుంది. ఎంతసేపు అరగదీయాలో, ఎంత ఒత్తాలో ఆ చేతిలోనే ఉంది. ఇలాంటిచోట గొంతు ఒక్కటే రికార్డు చేస్తే సగం పోయినట్టే, వీడియో తీయండి.

ఓపిక ఉన్నవాళ్లను ఏటిగట్టు మీదికి తీసుకెళ్లండి. ఇంట్లో కుర్చీలో గుర్తురానివి పాతరేవు మెట్లు చూడగానే గుర్తొస్తాయి. ఇసుకమేటకు, పాయకు, లంకకు వాళ్లు పిలిచే పేర్లన్నీ అడిగి రాసుకోండి. సర్వే పటంలో వాటిలో చాలా కనిపించవు.

ఒక్క పేట మాటలే రాసి ఊరి చరిత్ర అనకండి. ఒకే వరద గురించి డాబా ఉన్నవాళ్లు చెప్పేది ఒకటి, గట్టు లోపల పాకల్లో ఉన్నవాళ్లు చెప్పేది ఇంకొకటి. పులిహోర పొట్లాలు ముందు ఎవరికి అందాయి, పడవ ముందు ఏ పేటకు వచ్చింది అన్న దగ్గర మాటలు కలవవు. కలపడానికి ప్రయత్నించకండి. ఎవరు చెప్పింది వాళ్ల పేరుతోనే, పక్కపక్కనే ఉంచండి. అందరూ ఒక్కటై ఎదుర్కొన్నారని తీర్చిదిద్దిన ఊరి చరిత్రలు ఇప్పటికే చాలా ఉన్నాయి, వాటిని చదివేవాళ్లే లేరు.

రికార్డింగు

మామూలు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో తువ్వాలు మీద ఉంచండి. ఫ్యాను ఆపించండి. మొదట్లోనే తేదీ, ఊరు, పేరు మీ గొంతుతో చెప్పండి. "ఇది రాసి పెడతాం, నలుగురికీ వినిపిస్తాం, మీకు ఇష్టమేనా?" అని అడిగి ఆ జవాబు కూడా అందులోనే పడనివ్వండి. మధ్యలో "ఇది రాయకు" అంటే రాయకండి, అంతే. గంట దాటితే లేవండి, మళ్లీ వెళ్లొచ్చు.

గోడ మీది గీతలు

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిందని ప్రభుత్వ లెక్కల్లో ఉంది. మీ ఊళ్లో ఏ వీధిలో ఎంత నీరు నిలిచిందో చెప్పేవి మాత్రం పాత గోడల మీది మరకలు, గడప పక్కన మేకుతో గీసిన గీతలు. సున్నం వేస్తే అవి పోతాయి. నేల నుంచి గీత దాకా టేపు పట్టి, టేపు కనిపించేలా ఫొటో తీసి, ఏ ఇల్లో, ఏ ఏటి వరదో, చెప్పింది ఎవరో రాసుకోండి. తర్వాత నేల ఎత్తు పెంచారేమో కూడా అడగండి, లేకపోతే కొలత తప్పుతుంది.

గుడి దగ్గర శాసనం ఉంటే గోకడం, పెయింటు పూయడం వద్దు. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు తేలి కనిపిస్తాయి. నేలలో నాణేలో విగ్రహాలో దొరికితే దాచుకోకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే.

కాగితాలు, ఫొటోలు

కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. కొన్ని కుటుంబాల అటకల మీద పాత లెక్కల పుస్తకాలు ఇంకా ఉండొచ్చు. వాటిలో ఫసలీ (జులైలో మొదలయ్యే పాత రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి 1921 జూన్ వరకు. ఉత్తరాల్లో తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే తొందరపడకండి. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి, "ప్రభవ" 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. పోస్టు ముద్రో, అందులోని ధరలో చూసి తేల్చాలి.

ఇంగ్లీషువాళ్ల కాలంలో కల్నల్ మెకంజీ సేకరించిన కైఫియత్తుల్లో (ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కాగితాల్లో) మీ ఊరుందేమో చూడండి. 1907 నాటి గోదావరి జిల్లా గెజెటీరు కూడా తిరగేయండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో వాకబు చేస్తే పాత పుస్తకాల జాడ తెలుస్తుంది.

ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలను పీకకండి, పేజీతో సహా ఫొటో తీయండి. విడివి ఉంటే 600 డీపీఐలో (స్కానర్‌లో స్పష్టతను చెప్పే కొలత) స్కాన్ చేసి, వెనక పెన్నుతో కాకుండా మెత్తని పెన్సిల్‌తో పేర్లు రాసి, అసలు ఫొటోలు ఆ ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేయండి. తాటాకు పుస్తకాలు దొరికితే సొంతంగా నూనె పూయకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

దాచడం

ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి: ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, ఒకటి ఊరికి దూరంగా ఆన్‌లైన్‌లో. అన్నీ ఊళ్లోనే ఉంటే వచ్చే వరదకు అన్నీ తడుస్తాయి. అనుమతి ఉన్న ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో, గొంతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టొచ్చు. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఇప్పటికే ఉండి ఉండొచ్చు, కానీ అక్కడ ప్రచురితమైన, నమ్మదగిన ఆధారమే చెల్లుతుంది, తాతగారు చెప్పారంటే కుదరదు. సేకరించినదాన్ని చిన్న పుస్తకంగా వేసి, మాట్లాడిన ప్రతి ఇంటికీ ఒక కాపీ, ఊరి బడికి రెండు, శాఖా గ్రంథాలయానికి రెండు ఇవ్వండి. హార్డ్‌డిస్కును ఏటా సంక్రాంతికి తెరిచి చూసే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాసుకోండి. ఆ మనిషి ఊరు వదిలితే ఇంకొకరికి అప్పగించాలి.