పన్ను నొప్పి తగ్గితే వైద్యం ముగిసినట్టు కాదు

ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో మా వీధివాళ్లకు పన్ను నొప్పి వస్తే మొదటి మందు లవంగం, రెండోది మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్ర. దవడ వాచాకే డాక్టరు గుర్తుకొస్తారు. నాకు ఒడియా బాగా వచ్చు కాబట్టి తోడుగా తీసుకెళ్తుంటారు. అలా కుర్చీ పక్కన నిలబడి చూసినవి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి ఇవి.

చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది

ఎంతసేపు ఉంటుందో గమనించండి. గుటక దిగగానే పోతే పంటి పైపొర అరిగి ఉండవచ్చు, చిగురు జారి వేరు బయటపడి ఉండవచ్చు, చిన్న పుచ్చు మొదలై ఉండవచ్చు. ఫ్లోరైడ్ పేస్టుతోనో, ఒక్కసారి సిమెంటు నింపించుకోవడంతోనో సరిపోయే దశ ఇది. నీళ్లు తాగిన చాలాసేపటికీ లాగుతూ ఉంటే, వేడికీ నొప్పెడితే, రాత్రి నిద్ర లేపితే లోపలి నరం వాచినట్టు. అప్పుడు రూట్ కెనాలో (లోపలి నరం తీసి, శుభ్రం చేసి నింపడం), పన్ను తీయించుకోవడమో తప్పదు. యాంటీబయాటిక్ ఆ వాపును నయం చేయదు, నొప్పి మాత్ర కాసేపు కప్పిపెడుతుంది, అంతే.

ఈ తేడా డాక్టరుకు తెలియాలంటే చెప్పవలసింది మనమే. ఒడియాలో చల్లదనం ‘థండా’, చిగురు ‘మాఢి’. ఆ రెండు మాటలు వచ్చినా సగం పని జరుగుతుంది. ‘ఎక్కడో నొప్పి’ అని ఊరుకుంటే పక్క పన్ను మీద అనుమానం పోవచ్చు.

రూట్ కెనాల్ మొదలుపెట్టాక నొప్పి పోయింది, మళ్లీ వెళ్లాలా?

వెళ్లాలి. నేను చూసినవాటిలో ఎక్కువ పళ్లు పోయింది ఇక్కడే. మా పిన్నికి మొదటి రోజే నరం తీసి, తాత్కాలిక సిమెంటు పెట్టి, వారం తర్వాత రమ్మన్నారు. నొప్పి లేదు కదా అని ఆగిపోయింది. నరం లేని పన్ను నొప్పి చెప్పలేదు. అందుకే సిమెంటు ఊడి, లోపల కుళ్లు చేరుతున్నా ఆమెకు తెలియలేదు. నెలల తర్వాత వేరుశనగలు నములుతుంటే పన్ను నిలువునా చీలింది. చివరికి తీయించుకోవలసి వచ్చింది.

ఇందులో డాక్టర్ల బాధ్యత కూడా ఉంది. ఎన్నిసార్లు రావాలి, చివర పన్ను మీద తొడిగే క్యాపుతో కలిపి మొత్తం ఖర్చెంత అన్నది మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే మనమే అడగాలి. క్యాపుకు ఇప్పుడు డబ్బు సర్దుబాటు కాదంటే మొహమాటం లేకుండా చెప్పండి. అప్పటిదాకా పన్ను విరగకుండా ఏం చేయవచ్చో వాళ్లు ఆలోచిస్తారు. చెప్పకుండా మానేస్తే ఆ అవకాశం వాళ్లకు లేదు.

ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడమో మింగడమో కష్టమైతే వారాలు లెక్కపెట్టకండి. అదే రోజు బరంపురమో శ్రీకాకుళమో వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాలి. వాపు మీద కాపడం పెట్టవద్దు.

తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం

రక్తం వచ్చే చోట తోమడం మానేస్తారు, అదే పొరపాటు. అక్కడ పేరుకున్న పాచి వల్లే చిగురు వాచి రక్తం వస్తోంది. మెత్తని బ్రష్‌తో చిగురు అంచు వెంట రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. పాచి గట్టిపడి గారగా మారితే బ్రష్‌కు లొంగదు, క్లీనింగ్ చేయించుకోవాలి. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి’ అన్న మాట మా ఊళ్లో ప్రతి ఇంట్లో వింటాను. నిజానికి పళ్లను పట్టుకున్న ఎముకను అరగదీసేది ఆ గార కిందే సాగే వాపు. గార తీశాక సందు కనిపిస్తుంది, కొన్నాళ్లు జివ్వుమంటుంది, అందుకే పళ్లు వదులయ్యాయని అనుకుంటారు. షుగరు ఉంటే తప్పక చెప్పండి. అది అదుపులో లేకపోతే చిగుళ్లు మానవు, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరూ అదుపులోకి రావడం కష్టం.

ఆరేళ్ల పిల్లకు చివరి పన్ను పుచ్చింది, పాలపన్నే కదా?

కాకపోవచ్చు. ఆరేళ్ల ప్రాంతంలో పాలపళ్లన్నిటి వెనక శాశ్వతమైన దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. వెంటనే చూపించండి.

మానని పుండు, తెల్లమచ్చ, కారం తగిలితే మంట

మా వైపు చాలామంది గుడాఖుతో పళ్లు తోముకుంటారు. అది పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద. తోమిన కాసేపు నొప్పి తెలియకపోవడంతో మందు అనుకుంటారు. సరిహద్దు పల్లెల్లో ముసలమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్టను అడ్డపొగ అంటారు. దాని వేడీ పొగా అంగిలిని కాల్చి, క్యాన్సర్ దాకా తెస్తాయి. గుట్కా, వక్క నమిలేవాళ్లకు నోరు బిగుసుకుంటుంది. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే అనుమానించాలి.

రెండు వారాల్లో మానని పుండు ఏదైనా, నొప్పి ఉన్నా లేకపోయినా, చూపించాలి. పొగాకు సంగతి దాచకండి. అత్తగారి ముందు కోడలు గుడాఖు మాట ఎత్తదు, కాబట్టి డాక్టరు ఆమెతో విడిగా మాట్లాడాలి. తిట్టకుండా అడగాలి. ఒకసారి తిట్లు తిన్నవాళ్లు ఆ మెట్లు మళ్లీ ఎక్కరు. వాళ్లే జబ్బు ముదిరాక కనిపిస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

పన్ను తీయించుకోవాలి, గుండెకు మాత్రలు వాడుతున్నారు

రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపవద్దు. మందుల చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి ముందే చూపించండి. ఆపాలో వద్దో దంత వైద్యులు, గుండె వైద్యులు మాట్లాడుకుని చెబుతారు. ఏ మందైనా పడకపోయినా, గర్భిణి అయినా సూది వేయకముందే చెప్పాలి.