అమ్మానాన్నలకి బొగ్గింజను రైలు చూపించాలంటే: మేరీలాండ్ 1309తో ఒక రోజు

వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉండేవాళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ఒకటే టెన్షన్. వైట్ హౌస్ చూపించడం అయింది, లూరే గుహలు అయ్యాయి, గుడి అయింది, ఇక ఈ శనివారం ఎక్కడికి? నా సలహా కంబర్లాండ్. వాషింగ్టన్ డీసీ నుంచి కారులో దాదాపు రెండున్నర గంటలు. అక్కడ వెస్టర్న్ మేరీలాండ్ సీనిక్ రైల్‌రోడ్ అని ఒక హెరిటేజ్ రైలుంది. దాని దగ్గర 1309 నంబరు బొగ్గింజను ఉంది, 1956లో పక్కన పెట్టేసిన ఇంజను, మళ్ళీ పట్టాలెక్కి 2021 డిసెంబరు నుంచి జనాన్ని ఎక్కించుకుని కొండెక్కుతోంది. యాభై దాటిన మనవాళ్ళలో చిన్నప్పుడు కంట్లో బొగ్గు నలుసు పడనివాళ్ళు తక్కువ, మన బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995 దాకా నడిచాయి కాబట్టి వాళ్ళకి ఇది కొత్త వింతేమీ కాదు. పిల్లలకి మాత్రం కొత్త. తాతయ్య వాళ్ళకి పక్కన కూర్చుని అన్నీ విప్పి చెప్పగలిగే చోటు అమెరికాలో ఇంకోటి నాకు తోచలేదు.

టికెట్ కొనేముందు ఒక సంగతి తెలుసుకోవాలి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఈ లైను మీద నడిచే రైళ్ళన్నీ ఆవిరివి కావు. ఎక్కువ రోజులు డీజిల్ ఇంజనే లాగుతుంది, 1309 కొన్ని వారాంతాల్లో మాత్రమే వస్తుంది. కాబట్టి రైల్‌రోడ్ వాళ్ళ క్యాలెండర్లో ఆ తేదీకి ఆవిరి అని స్పష్టంగా రాసుందో లేదో చూడండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి. ఆవిరి అని రాసున్నా సరే, ఇంజనులో చిన్న తేడా కనిపిస్తే ఆ పొద్దునే డీజిల్ తగిలించేస్తారు. అలా మారితే డబ్బు వెనక్కిస్తారా, వేరే తేదీకి మారుస్తారా అన్నది కొనేముందే చదువుకోండి. అమ్మావాళ్ళ రిటర్న్ ఫ్లైట్‌కి ముందు వారం పెట్టుకోకుండా, వచ్చిన కొత్తలోనే ఒక తేదీ పెట్టుకుంటే, అది తప్పినా ఇంకోటి మిగులుతుంది.

మరి అంత కష్టపడి బాగుచేసిన ఇంజనుని రోజూ ఎందుకు నడపరు? మా నాన్న వయసు వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, జవాబు దగ్గర పెట్టుకోండి. అమెరికా ఫెడరల్ రూల్ ప్రకారం ఆవిరి బాయిలర్‌కి 1472 సర్వీసు రోజులు, లేదా 15 ఏళ్ళు, ఏది ముందొస్తే అది, ఆ లోపల పూర్తి తనిఖీ జరగాలి. సర్వీసు రోజు అంటే ప్రయాణికుల్ని లాగిన రోజని కాదు. పొయ్యిలో నిప్పుండి, బాయిలర్లో ఆవిరి ఒత్తిడి ఉంటే, షెడ్డులో ఊరికే నిలబడినా ఆ రోజు లెక్కలో పడిపోతుంది. తనిఖీ అంటే పైపైన చూసి సంతకం పెట్టడం కాదు, గొట్టాలు బయటికి తీయాలి, బాయిలర్ రేకు ఎక్కడ ఎంత మందం మిగిలిందో అల్ట్రాసోనిక్ పరికరంతో అంగుళం అంగుళం కొలవాలి, అరిగిన చోట కొత్త లోహం వేయాలి, కొత్తగా లెక్కలు కట్టి కాగితాలు దాఖలు చేయాలి. తర్వాత నీటి పరీక్ష. మామూలు ఒత్తిడికి పాతిక శాతం పైకి తీసుకెళ్తారు, 1309 బాయిలర్ చదరపు అంగుళానికి 210 పౌండ్లది కాబట్టి పరీక్షలో 262 దాటుతుంది. ఆవిరితో చేయకుండా నీళ్ళతో ఎందుకంటే, ఎక్కడైనా పగులు ఉంటే నీళ్ళు కారి ఊరుకుంటాయి, అదే ఆవిరి అయితే షెడ్డే మిగలదు. ఇదంతా బోలెడు డబ్బు పని. ఇదే లైను మీద అంతకుముందు నడిచిన 734 నంబరు ఇంజను, 1916లో తయారైంది, ఈ తనిఖీ గడువు దగ్గరపడేసరికే 2016లో పక్కకి వెళ్ళింది. అందుకని ఆ 1472 రోజుల్ని వాళ్ళు జాగ్రత్తగా, కొంచెం పిసినారితనంగా అనుకోండి, వారాంతాలకి పంచుకుంటారు.

1309 కథ కొంచెం చెబుతాను, వెళ్ళేదారిలో కారులో పనికొస్తుంది. చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే కోసం 1949లో బాల్డ్విన్ కంపెనీ కట్టింది. అప్పటికే డీజిళ్ళు వచ్చేశాయి, ఈ ఇంజను డిజైను 1920ల నాటిది, అయినా బొగ్గు గనుల దగ్గరి వంకర లైన్లలో నమ్మకంగా పనిచేస్తుందని మళ్ళీ అదే కట్టించుకున్నారు. ఆ బ్యాచ్‌లో పది, వాటిలో చివరిది ఇదే, అమెరికాలోని పెద్ద రైల్వేలకి బాల్డ్విన్ కట్టిన ఆఖరి ఆవిరి ఇంజను కూడా ఇదే. మన డబ్ల్యూపీ ఇంజన్లు నాన్నగారికి గుర్తుంటాయి, గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం, మెయిళ్ళూ ఎక్స్‌ప్రెస్‌లూ లాగేవి. వాటిలో మొట్టమొదటి 16 ఇంజన్లు 1947లో ఈ బాల్డ్విన్ నుంచే వచ్చాయి. ఈ ముక్క అంటించి వదిలేయండి, కంబర్లాండ్ వచ్చేదాకా మీరు ఇంకేం మాట్లాడక్కర్లేదు.

గట్టిగా ఏడేళ్ళు పనిచేసి రిటైరైన 1309 తర్వాత చాలా ఏళ్ళు బాల్టిమోర్లోని బీ అండ్ ఓ రైల్‌రోడ్ మ్యూజియంలో నిలబడిపోయింది. 2014లో వెస్టర్న్ మేరీలాండ్ వాళ్ళు తీసుకున్నారు. 2017లో నడుస్తుందన్నారు, డబ్బు చాలక పని ఆగింది, విరాళాలు పోగుచేసి మళ్ళీ మొదలుపెట్టారు, చివరికి 2020 డిసెంబరు 31న తన ఆవిరితో తాను కదిలింది. ఆ పైన ఇంకో ఏడాది సవరణలు. పాత ఇంజన్ల విషయంలో వాళ్ళు చెప్పిన తేదీకి రెండు మూడేళ్ళు కలుపుకుని వినడం మంచిది, ఇది ఒక్క 1309 సంగతే కాదు.

ఆ రోజు పొద్దున రైలు టైముకి కనీసం గంట ముందు కంబర్లాండ్ స్టేషన్లో ఉండండి. 1913లో కట్టిన ఎర్ర ఇటుక భవనం అది. ఇంత పెద్ద బాయిలర్‌ని గబగబా వేడిచేస్తే లోహం ఒక్కోచోట ఒక్కోలా వ్యాకోచించి అతుకులు కారతాయి, అందుకని ముందురోజే నిప్పు వేసి నెమ్మదిగా వేడెక్కిస్తారు. మీరు వెళ్ళేసరికి ఇంజను ఎప్పటినుంచో మేలుకునే ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూడండి కానీ ఆవిరితో చక్రాలని తిప్పే సిలిండర్ల పక్కన మాత్రం నిలబడకండి. కదిలే ముందు లోపల పేరుకున్న నీళ్ళు బయటికి పోవడానికి కింద కుళాయిలు తెరుస్తారు, ఆవిరి రెండు పక్కలకీ భళ్ళున చిమ్ముతుంది. సేఫ్టీ వాల్వు లేచినా అంతే, చప్పుడుకి పిల్లలు హడలిపోతారు. చంటిపిల్లలుంటే చెవులకి పెట్టే హెడ్‌ఫోన్ల లాంటి మూతలు కొని పెట్టుకోండి.

సీటు విషయం. ఏసీ ఫస్ట్ క్లాసు బాగుంటుంది, భోజనం పెడతారు, కానీ దానికి పెట్టే డబ్బు నా దృష్టిలో ఈ రైలుకి దండగ. అద్దాలు మూసుకుని కూర్చుంటే ఇంజను చప్పుడు వినబడదు, అది లేకపోతే మిగిలేది ఒక కొండ, కొన్ని చెట్లు. కిటికీలు తెరుచుకునే పెట్టె ఏదో టికెట్ కొనేటప్పుడే అడగండి, వీలైనంత ఇంజను దగ్గర్లో తీసుకోండి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే మెట్ల గురించి కూడా అప్పుడే అడగండి. తెల్ల చొక్కా వద్దు. కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్ళజోడు పెట్టుకోండి, లేకపోతే నలుసు పడ్డాక ఆ రోజంతా కన్ను నలుపుకోవడమే. పడితే నలపకుండా నీళ్ళతో కడగండి. బయటి తిండి పెట్టెలోకి రానిస్తారో లేదో కనుక్కుని పులిహోర, పెరుగన్నం కట్టుకోండి, రానివ్వకపోయినా పైన దిగాక తినొచ్చు.

ఇక అసలు విషయం, ఎక్కడం. కంబర్లాండ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్ 16 మైళ్ళు, ఈ కాస్త దూరంలో సుమారు 1,300 అడుగులు పైకెక్కాలి. రైలుకి ఇది చాలా నిటారు. ఊరు దాటగానే నారోస్ అనే ఇరుకు లోయ వస్తుంది, రెండు పక్కలా కొండ కోసినట్టుంటుంది. అక్కడిదాకా ఫోటోలు తీసుకోండి, ఆ తర్వాత ఫోను జేబులో పెట్టి చెవులు అప్పగించండి.

ఏం వినాలో చెబుతాను. 1309కి రెండు జతల సిలిండర్లున్నాయి. బాయిలర్ నుంచి వచ్చే కొత్త ఆవిరి మొదట వెనక జతలోకి వెళ్తుంది, అవి 22 అంగుళాలవి. అక్కడ పనిచేసి కాస్త నీరసించిన ఆవిరిని వదిలేయకుండా ముందు జతకి పంపిస్తారు. నీరసించిన ఆవిరికి ఎక్కువ చోటు కావాలి కాబట్టి ముందువి 35 అంగుళాలు, ఇంజను ముందు నుంచి చూస్తే పీపాల్లాంటి ఆ సిలిండర్లే మొదట కనిపిస్తాయి. అంటే ఒకే ఆవిరితో రెండుసార్లు పని చేయించుకుంటున్నారన్నమాట. పొగగొట్టంలోంచి బయటికొచ్చేది ముందు జత ఆవిరే, అందుకే ఇంత పెద్ద ఇంజనైనా చక్రం ఒక చుట్టుకి నాలుగే దెబ్బలు వినిపిస్తాయి, అవీ మెత్తగా, బరువుగా. కదిలేటప్పుడు మాత్రం ముందు సిలిండర్లకి కూడా కొత్త ఆవిరి ఇస్తారు, అప్పుడు దెబ్బ పదునుగా ఉంటుంది, కాసేపటికి ఆవిరిని రెండుసార్లు వాడే పద్ధతికి మార్చగానే ఉన్నట్టుండి గొంతు తగ్గుతుంది. ఆ మార్పు పట్టుకోగలిగితే మీరు ఈ ఇంజనుని సగం అర్థం చేసుకున్నట్టే. ఇంకోటి, ఆ బయటికొచ్చే ఆవిరే పొగగొట్టంలో గాలిని లాగి నిప్పుని రాజేస్తుంది, అందుకే ఎంత కష్టపడితే అంత మంట, ఎంత మంట ఉంటే అంత ఆవిరి. పల్చటి బూడిదరంగు పొగ వస్తుంటే నిప్పు బాగా మండుతోందని, చిక్కటి నల్లపొగ వస్తే బొగ్గు సగం కాలి వృథా అవుతోందని లెక్క. ఫోటోల వాళ్ళ కోసం కావాలనే నల్లపొగ వదలడమూ ఉంది.

కూతలు కూడా చెప్పేస్తాను. రోడ్డు గేటు దగ్గర రెండు పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు. బయల్దేరేటప్పుడు రెండు పొడుగు. ఆగున్నప్పుడు మూడు పొట్టి కూతలు వేస్తే వెనక్కి నడపబోతున్నారని. పిల్లలకి ఇవి నేర్పితే దారంతా వాళ్ళకి అదే పని.

మధ్యలో హెల్మ్‌స్టెటర్ వంపు వస్తుంది, గుర్రపు డెక్క ఆకారంలో లైను తిరుగుతుంది, లోపలి వైపు కిటికీ దొరికితే ఇంజను మొత్తం పక్క నుంచి కనిపిస్తుంది. ఆ తర్వాత బ్రష్ టన్నెల్, 914 అడుగులు. సొరంగం రాగానే కిటికీ వేసేయండి, ఈ ఒక్కచోట నా మాట వినండి. ఆస్తమా ఉన్నవాళ్ళు ముందే మూసుకోవడం మంచిది.

ఫ్రాస్ట్‌బర్గ్‌లో దిగాక కొంత విరామం ఇస్తారు, ఎంతసేపో ఆ రోజు టికెట్ మీద చూసుకోండి. స్టేషన్ పక్కనే థ్రాషర్ వారి గుర్రపు బళ్ళ మ్యూజియం ఉంది, నడవలేని పెద్దవాళ్ళకి అది చాలు. తినుబండారాల కొట్లన్నీ పైన మెయిన్ స్ట్రీట్‌లో ఉన్నాయి, అక్కడికి వెళ్ళే రోడ్డు నిటారు, అమ్మని ఎక్కించకండి. ఇంజనుని తిప్పే టర్న్‌టేబుల్ కూడా స్టేషన్ దగ్గరే ఉంది, ఆ రోజు వాడతారా అని సిబ్బందిని అడగండి, వాడితే భోజనం మానేసైనా చూడండి.

తిరుగు ప్రయాణం దిగుడు. ఇంజను పెద్దగా కష్టపడదు, బ్రేకులదే పని, చప్పుడు ఉండదు. కాబట్టి ఇంట్లో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళొకరుంటే నేను చెప్పే పద్ధతి ఇది. వాళ్ళు రైలెక్కకుండా కారులో ఉండి, రైలు కొండెక్కేటప్పుడు బయటి నుంచి తీసుకోవాలి. వంపు దగ్గర ముందే చోటు పట్టుకుని ఆగండి, రోడ్డు పక్కన కానీ, లైను వెంట సాగే గ్రేట్ అలెఘెనీ ప్యాసేజ్ సైకిల్ దారి మీద కానీ. ఆ సైకిల్ దారి బ్రష్ టన్నెల్లోంచి కూడా రైలుతో పాటే వెళ్తుంది, రైలు వచ్చే టైములో లోపలికి మాత్రం వెళ్ళకండి. వంపు మధ్యలో ఉన్న పొలం వేరేవాళ్ళది, కంచె దాటితే బాగోదు. పట్టాలకి కనీసం పాతిక అడుగుల దూరం ఉండండి, సెల్ఫీకి వీపు తిప్పి నిలబడకండి, రైలుతో పోటీపడి కారు నడుపుతూ వీడియో అసలే వద్దు. మంచి ఫోటోకి చలి కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆవిరి కనబడకుండానే గాలిలో కలిసిపోతుంది, అదే అక్టోబరు చివర చల్లటి పొద్దున అయితే తెల్లగా గుట్టలు గుట్టలుగా లేస్తుంది. ఆకులు రంగు మారే ఆ వారాలకే అందరూ ఎగబడతారు కాబట్టి, అవి కావాలంటే ఎండాకాలంలోనే బుక్ చేసుకోండి.