హాలోవీన్‌కి అట్టపెట్టెతో రోబో వేషం ఎలా చేయాలి?

అమెరికాలో హాలోవీన్ అంటే పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లు తెచ్చుకునే పండగ. పిల్లలున్న ఇంట్లో అక్టోబరు వచ్చిందంటే చాలు, "ఈసారి నేనేం వేషం వేయాలి?" మొదలవుతుంది, జవాబేమో రోజుకోటి. మాది తిరుపతి. గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం అంటూ జనం వేషాలు కట్టి వీధుల్లో తిరగడం చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకే అక్టోబరు 31 సాయంత్రం ఎదురింటాయన డైనోసార్‌లా తలుపు తీస్తే నాకేమీ వింతగా అనిపించలేదు. అక్కడ మొక్కు, ఇక్కడ చాక్లెట్లు. అయితే షాపులో కొన్న వేషంతో సరదా ఒక్క రాత్రే, ఇంట్లో చేస్తే వారం ముందు నుంచే.

ముందు పెట్టె. పిల్లాడి భుజాల కన్నా రెండు మూడంగుళాలు వెడల్పు ఉండాలి, మెడ నుంచి నడుం దాకా రావాలి, అంతకు మించి వద్దు. మొదటి ఏడాది నేను మోకాళ్ళ దాకా వచ్చే పెట్టె తెచ్చాను, మావాడు మెట్లెక్కలేడు, కారులో కూర్చోలేడు, చివరికి ఆ పెట్టె నా చంకలో పెట్టుకుని వీధంతా నేనే తిరిగాను.

కొలిచేటప్పుడు స్వెటర్ వేసి కొలవండి. చాలా ఊళ్ళలో అప్పటికి చలి ముదురుతుంది, చివరి నిమిషంలో వేషం మీద జాకెట్ తొడిగితే రోబో కాస్తా మాయం, పిల్లల మొహం చూడలేం.

ఇక కోత. కింది మూతలు పూర్తిగా తీసేయండి. పైన తలకి, పక్కల చేతులకి రంధ్రాలు ముందు చిన్నగా కోసి, తొడిగి చూసి, కొంచెం కొంచెంగా పెంచుకోండి, ఎక్కువ కోసేస్తే మళ్ళీ అతికించలేం. చేతుల రంధ్రాలు కాస్త ముందువైపుకి ఉంటే చాక్లెట్ సంచి పట్టుకోవడం తేలిక. కోసిన అంచులన్నిటికీ టేపు వేయండి, లేకపోతే అట్ట మెడ దగ్గర గీరుకుంటుంది. భుజాల కింద పాత టవల్ ముక్క అతికిస్తే ఇంకా హాయి. కత్తి పని మాత్రం పెద్దవాళ్ళదే.

పెట్టె చుట్టూ జిగురు రాసి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. మీటలకి సీసా మూతలు, డయల్‌కి పాత సీడీ. ఇవి అతికించడం పిల్లలకే వదిలేయండి, వంకరగా పెట్టినా సరిచేయొద్దు (నాకు చేతులు దురద పెడతాయి, అయినా ఆగుతాను).

మొహానికి మాస్క్ వద్దు, పక్క నుంచి వచ్చే కారు కనబడదు. బుగ్గల మీద వెండి రంగు చాలు, అదీ ముందురోజే చేతిమీద కొంచెం రాసి దద్దుర్లు వస్తాయేమో చూశాక. చీకట్లో కారు లైట్లకి మెరిసే టేపు ముందూ వెనకా అతికించండి, బ్యాటరీతో వెలిగే చిన్న లైట్లుంటే మరీ మంచిది. గుమ్మాల దగ్గర అలంకరణకి చెక్కి పెట్టిన గుమ్మడికాయల్లో నిజం కొవ్వొత్తులుంటే దూరంగా నడిపించండి. స్కూలుకి కూడా ఇదే వేషమైతే అక్కడి నుంచి వచ్చిన కాగితం ఓసారి చదవండి, మాస్కులూ బొమ్మ కత్తులూ చాలాచోట్ల ఒప్పుకోరు.

రెండు రోజుల ముందు ఇంట్లో ఓ రిహార్సల్ పెట్టండి: మెట్లెక్కాలి, కూర్చోవాలి, బాత్రూం అన్నప్పుడు ఒక్క లాగుతో పెట్టె పైకి వచ్చేయాలి. ఈ చివరిది చూసుకోకుండా బయల్దేరితే మూడో ఇంటి దగ్గరే తెలుస్తుంది.

ఆ సాయంత్రం గుమ్మం లైటు వెలుగుతున్న ఇళ్ళకే వెళ్ళండి, లైటు ఆర్పేశారంటే రావద్దనే. మిగిలిన ఫాయిల్‌తో ఓ హెయిర్‌బ్యాండ్‌కి రెండు కొమ్ములు చుట్టి మీరూ పెట్టుకోండి, తలుపు తీసినవాళ్ళు పిల్లల కన్నా ముందు మిమ్మల్ని చూసే నవ్వుతారు.