చేత్తో కోసిన పాత చెక్క పజిల్: మన తీరపు తేమలో కొనడం, పేర్చడం, దాచడం

చిత్రం అంటించిన చెక్కని ముక్కలుగా కోసి, మళ్లీ పేర్చే జిగ్సా పజిళ్లివి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీటికి మొదటి శత్రువు తేమ. ప్లైవుడ్ ఉబ్బితే ముక్క తన చోటులోనే ఇరుక్కుంటుంది. బలవంతంగా నొక్కితే సన్నటి బుడిపె విరుగుతుంది, పైనున్న చిత్రం కాగితం లేచిపోతుంది. అందుకే పేర్చడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తడిబారిన ముక్కల్ని నీడలో, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంగిపోతాయి, రంగు వెలుస్తుంది.

కొనేటప్పుడు పెట్టె మీది ముక్కల సంఖ్యని నమ్మొద్దు, చాలాసార్లు అది ఉజ్జాయింపే. పూర్తిగా పేర్చిన ఫోటో, వెనకవైపు ఫోటో రెండూ అడగండి. ముక్కలు చేతికొచ్చాక పదేసి కుప్పలుగా లెక్కపెట్టి రాసుకోండి.

పేర్చేటప్పుడు అలవాటైన పద్ధతులు ఇక్కడ పనిచేయవు. 1760ల్లో లండన్‌లో పటాలు తయారుచేసే జాన్ స్పిల్స్‌బరీ చెక్కకి అంటించిన పటాలని దేశాల సరిహద్దుల వెంట కోశాడు. తర్వాతి పనివాళ్లలో చాలామంది అలాగే, రంగు మారే గీత వెంటే రంపం నడిపారు. ఆకాశం ముక్కలో చెట్టు ఆకు ఒక్కటీ కనబడదు, పక్క ముక్క ఏదో రంగు చెప్పదు. అంచు ముక్కలతో మొదలుపెట్టినా చిక్కే, కొందరు లోపలి ముక్కలకీ తిన్నని అంచు పెట్టేవారు. వెనక్కి తిప్పి చెక్క చారలు చూడండి. అన్నిటి చారలూ ఒకే దిక్కుకి తిరిగితే ముక్క నిలువో అడ్డమో తేలిపోతుంది, సగం శ్రమ తగ్గుతుంది. కుక్క, గొడుగు లాంటి ఆకారాలున్న ముక్కల్ని ముందే వేరుచేయండి. వాటిని చుట్టుముట్టే ముక్కలకి అదే ఆకారపు గుంట ఉంటుంది, వెతకడం తేలిక.

చాలా పాతవాటిలో ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకోవు, ఆనుకుని ఉంటాయంతే. బల్ల కదిలితే పని మొత్తం చెదిరిపోతుంది. గట్టి ప్లైవుడ్ పలక మీద నూలు దుప్పటి బిగించి, దానిమీదే పేర్చండి.

ముక్క పోతే, చుట్టూ ఉన్నవన్నీ పేర్చి, ఖాళీ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, ఆకారం దిగుతుంది. అదే మందం ప్లైవుడ్‌కి దాన్ని అంటించి, కంసాలి వాడే సన్న రంపంతో గీతకి కాస్త బయటగా కోసి, ఎమరీ కాగితంతో అరగదీయండి. వెనక 'కొత్త ముక్క' అనీ, సంవత్సరమూ రాయడం తప్పనిసరి. తర్వాత కొనేవాళ్లకి అది మనం చూపాల్సిన నిజాయితీ.

లేచిన కాగితానికి ఫెవికాల్ వాడొద్దు, ఆరాక విప్పలేం. ఉడికించిన పల్చటి మైదా జిగురు సన్న కుంచెతో రాసి, బటర్ పేపర్ కప్పి, రాత్రంతా బరువు పెట్టండి. అదే జిగురు వెండిపురుగులకి (సిల్వర్‌ఫిష్) ఆహారం కాబట్టి బాగా ఆరాకే పెట్టెలో పెట్టాలి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో వాటిని నెలకోసారి మార్చండి.