ఒక్క యూనిట్‌కి 247 రూపాయలు: మూడు నెలల కరెంటు బిల్లు లెక్క చూసుకోవడం ఎలా

మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ లెక్కలు రాసేది నేను. అందుకే 2020 జూన్‌లో అందరూ కరెంటు బిల్లులు పట్టుకుని మా గుమ్మం దగ్గరికే వచ్చారు. మాస్కులు పెట్టుకుని, మెట్టుకొకరు నిలబడి, ఒకటే గోల. ఆ రోజు ఒక్కో బిల్లూ ఎలా చూశానో రాస్తున్నాను. ఇంటికి తాళం వేసి నెలల తరబడి ఊరెళ్ళి వచ్చినవాళ్ళకి ‘డోర్ లాక్’ బిల్లు తర్వాత ఒకేసారి పెద్ద బిల్లు వస్తుంది కదా, వాళ్ళకీ ఈ పద్ధతే పనికొస్తుంది.

ముందు అప్పటి సంగతి. లాక్‌డౌన్‌లో మీటరు చూసేవాళ్ళు ఇంటింటికీ తిరిగే వీలు లేదు. తెలంగాణలో ఏప్రిల్, మే నెలలకి, 2019లో అదే నెల బిల్లు ఎంత వచ్చిందో అంతే కట్టమన్నారు. జూన్‌లో రీడింగ్ తీశారు. మూడు నెలల యూనిట్లూ కలిపి, నెలకి సగటు తీసి, ఆ సగటుకి స్లాబు (వాడకాన్ని బట్టి మారే రేటు) వేసి, అప్పటికే కట్టింది తీసేసి మిగిలింది అడిగారు.

మీరు చేయాల్సిన మొదటి పని కాగితాలు వెతకడం. ఆఖరిసారి రీడింగ్ తీసిన బిల్లు (అప్పుడైతే మార్చిది), కొత్త బిల్లు, మధ్యలో కట్టిన రసీదులు. ఫోన్లో కట్టి ఉంటే ఆ యాప్‌లోనే దొరుకుతాయి. కొత్త రీడింగ్‌లోంచి పాత రీడింగ్ తీసేయండి. మా ఇంట్లో 9,168లోంచి 8,412 పోతే 756 యూనిట్లు. మూడు నెలలకి పంచితే 252.

ఇక స్లాబులు. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. అప్పటి రేట్లు ఇవీ: నెలకి 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50కి యూనిట్ 1.45, తర్వాతి 50కి 2.60. వంద దాటి 200 లోపైతే మొదటి వందకి 3.30, రెండో వందకి 4.30. 200 దాటితే మొదటి 200కీ 5 రూపాయలు, ఆపై 300 వరకు 7.20, 400 వరకు 8.50, ఇంకా పైకి పోతే 9, 9.50.

చాలామంది దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాదు, 100, 200 అనే గీత దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. సరిగ్గా 200 యూనిట్లు వాడితే 330, 430 కలిపి 760 రూపాయలు. 201 వాడితే 1,007 రూపాయల 20 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 247 రూపాయలు! ఆ రోజు మెట్ల మీద ఈ ముక్క చెప్పగానే అంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం.

అందుకే సగటు కొందరికి మేలు చేసింది, కొందరిని ముంచింది. మూడో అంతస్తు బాబాయిగారికి గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ప్రతి నెలా మీటరు అంకె రాసుకునే అలవాటుంది. ఆయన వాడకం వరుసగా 190, 190, 250. నెలనెలా బిల్లు వచ్చి ఉంటే 717, 717, 1,360, మొత్తం 2,794. సగటు తీస్తే నెలకి 210, మూడు నెలలకి 3,216. ఎండలు ముదిరిన ఒక్క నెల మిగతా రెండు నెలల్నీ గీత దాటించింది. 422 రూపాయలు నష్టం. అదే ఆయన 150, 150, 240 వాడి ఉంటే? నెలనెలా అయితే 2,378 అయ్యేది, సగటు మీద 2,022కే సరిపోయేది. కాబట్టి నెలవారీ అంకెలు మీ దగ్గర ఉంటే రెండు రకాలుగానూ లెక్క వేయండి. లేకపోతే చేతిలో ఆధారం లేనట్టే.

తర్వాత తేదీలు చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కింది ఇంటి పిన్నిగారికి రెండు రీడింగులకీ మధ్య 103 రోజులు, 315 యూనిట్లు. మూడుతో భాగిస్తే 105, వంద దాటింది. కానీ 103 రోజులంటే మూడు నెలలు కాదు కదా! రోజుకి ఎంతో చూసి 30తో గుణిస్తే 92 కూడా పూర్తిగా రాదు. 105 యూనిట్లకి నెలకి 351 రూపాయల 50 పైసలు, 92కి 181 రూపాయల 70 పైసలు. దాదాపు సగం తేడా. మీ బిల్లులో ఏ భాగహారం చేశారో ఇలా రెండు వైపులా వేసి చూస్తే తెలిసిపోతుంది. తేడా ఉంటే ఆ కాగితం, మీటరు ఫొటో తీసుకుని ఈఆర్ఓ (కరెంటు వాళ్ళ రెవెన్యూ) ఆఫీసుకి వెళ్ళండి. బిల్లులు సరిచేసేది అక్కడే. బిల్లు కొట్టే అబ్బాయితో వాదించి లాభం లేదు, అతని చేతిలో ఉన్నది మిషను మాత్రమే.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మా బిల్లు మూడున్నర వేలు దాటేసరికి ఆ అబ్బాయిని పట్టుకుని గేటు దగ్గర నానా మాటలూ అన్నాను. తర్వాత లెక్క వేస్తే బిల్లు సరిగ్గానే ఉంది. 252 యూనిట్లకి నెలకి 1,374, మూడు నెలలకి 4,123. కస్టమర్ చార్జీ, యూనిట్‌కి 6 పైసల డ్యూటీ అదనం. మరి ఇంత ఎందుకు మిగిలిందంటే, 2019 వేసవిలో మేం పిల్లల్ని తీసుకుని అమ్మగారి ఊరెళ్ళాం. ఆ ఏడాది మే బిల్లు 212 రూపాయలు. దాని లెక్కన 2020 మేలో కూడా 212 కట్టి, ఇంత తక్కువా అని మురిసిపోయాం! ఇంట్లో మాత్రం మా అబ్బాయి వర్క్ ఫ్రమ్ హోమ్, పొద్దస్తమానం ఏసీ. తక్కువ కట్టిందంతా జూన్‌లో తిరిగొచ్చింది. కాబట్టి మధ్యలో కట్టిన రెండు మొత్తాలూ కొత్త బిల్లులో తీసేశారా లేదా అన్నది చూడటం మరవకండి. ఆ అబ్బాయి మళ్ళీ నెల వచ్చినప్పుడు మజ్జిగ ఇచ్చాను.

ఒకేసారి కట్టలేని వాళ్ళకి అప్పట్లో వాయిదాలు ఇచ్చారు. జూన్‌లో 30 శాతం, జూలైలో 40, ఆగస్టులో 30, దాని మీద 1.5 శాతం వడ్డీ. చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయడమే మేలని నేను అందరికీ చెప్పాను.

రేట్లు 2022లో పెరిగాయి కాబట్టి ఇప్పుడు లెక్క వేసేటప్పుడు కొత్తవి పెట్టుకోండి. 200 గీత మాత్రం ఇంకా ముఖ్యమైంది, ఎందుకంటే తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కూడా అక్కడివరకే. ఆంధ్రలో స్లాబులు వేరు, అక్కడివాళ్ళు ఈ అంకెలు వాడొద్దు.

మీటరు ఫొటో తీసేటప్పుడు ఒక జాగ్రత్త. డిజిటల్ మీటరులో తేదీ, టైము, వోల్టేజీ ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని పక్కన కనిపించేదాకా ఆగి, మీటరు నంబరు కూడా పడేలా తీయండి. నేను ప్రతి నెలా 7వ తేదీన తీస్తాను. బాబాయిగారైతే ఇప్పటికీ క్యాలెండర్‌లోనే రాస్తారు.