పాత బండ్లు, పాత గోడలు: ఫోటో పాఠాలు – 4. చక్రం తిరగాలి, కమాను నిలవాలి

గత మూడు పాఠాల్లో మనం ఆగి ఉన్న యంత్రాలతోనే పనిచేశాము. ఇత్తడి దీపంలో మన ప్రతిబింబం పడకుండా ఎక్కడ నిలబడాలో చూశాము. పోలరైజర్ ఫిల్టర్ గాజు మీది మెరుపును తగ్గించగలిగినా క్రోమియం మీది మెరుపును ఎందుకు తగ్గించలేదో కూడా తెలుసుకున్నాము. ఈ పాఠంలో బండి కదులుతుంది.

పోయిన పాఠం చివర మిమ్మల్ని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన 1911 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ముందు నిలబడి, కెమెరా తీయకుండా పావుగంట సేపు దాని చక్రాలను మాత్రమే చూడమని అడిగాను. అలా ఎందుకు అడిగానో ఇప్పుడు చెప్తాను. కదిలే పాత బండిని ఫోటో తీయడంలో షట్టర్ వేగాన్ని, అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలన్నదాన్ని, నిర్ణయించేది బండి కాదు, దాని చక్రం. చక్రంతో పాటు బండి వెనుక ఉన్న గోడ కూడా ఒక మాట చెప్తుంది. ఆ రెండింటికీ ఒకేసారి న్యాయం చేయడమే ఈ పాఠం.

చాలా ఏళ్ల క్రితం మన నగరంలో పాత కార్ల ఊరేగింపు ఒకటి చూడటానికి వెళ్లి, మసక రాకూడదన్న భయంతో 1/1000 సెకను పెట్టుకుని ఉదయమంతా ఫోటోలు తీశాను. ఒక్కటి కూడా చెదరలేదు. ఇంటికి వచ్చి చూపిస్తే మా బాబాయి ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, ‘బండ్లన్నీ ఎక్కడ ఆపారురా?’ అని అడిగారు. చక్రాల ఆకులు, అంటే స్పోకులు, ఒక్కొక్కటి విడివిడిగా, లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపిస్తుంటే ఆయనకు అవి ఆగి ఉన్న బండ్లలాగే తోచాయి. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆకులు కనిపించే చక్రం ఆగిన చక్రమేనని మన కంటికి ఎడ్లబండి నాటి నుంచీ తెలుసు.

లెక్క చూద్దాం. ఊరేగింపులో పాత కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి, అంటే సెకనుకు 10 మీటర్లు. దాని చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు అనుకుంటే చక్రం సెకనుకు నాలుగున్నర చుట్లు తిరుగుతుంది, డిగ్రీల్లో చెప్తే సెకనుకు సుమారు 1640 డిగ్రీలు. షట్టర్ 1/1000 సెకను తెరుచుకుంటే చక్రం తిరిగేది 1.6 డిగ్రీలు మాత్రమే, అందుకే అది ఆగినట్టు ఉంటుంది. 1/125 సెకనులో 13 డిగ్రీలు, 1/60 సెకనులో 27 డిగ్రీలు తిరుగుతుంది. చక్రానికి 12 చెక్క ఆకులు ఉంటే ఒక ఆకుకూ పక్క ఆకుకూ మధ్య 30 డిగ్రీల దూరం ఉంటుంది కాబట్టి, 1/60 దగ్గర ప్రతి ఆకూ దాదాపు పక్క ఆకు ఉన్న చోటి వరకు సాగి, చక్రం నిండు పళ్లెంలా కనిపిస్తుంది. నాకు 1/125కూ 1/60కీ మధ్య ఉన్న చోటు ఎక్కువ ఇష్టం. అక్కడ ఆకు ఆకులాగే ఉంటూ తిరుగుతున్నట్టు కూడా తెలుస్తుంది. సన్నని తీగ స్పోకులు దగ్గరదగ్గరగా చాలా ఉండే చక్రానికి మాత్రం 1/125 సరిపోతుంది, ఎందుకంటే అక్కడ కొద్దిగా తిరిగినా ఖాళీలు నిండిపోతాయి.

ఇంటర్నెట్‌లో దొరికే రేసు ఫోటోల పట్టికలు ఇక్కడ ఎందుకు పనికిరావో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మీలో కొందరు కంచె ఇవతల నిలబడి ఫోటోలు తీసే ఉంటారు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 1/250 సెకనులో 20 సెంటీమీటర్లు కదులుతుంది. మన 36 కిలోమీటర్ల పాత బండి అదే 20 సెంటీమీటర్లు కదలాలంటే షట్టర్ 1/50 సెకను తెరిచి ఉంచాలి. కొత్త కారుకు నేర్చుకున్న అంకెను పాత బండికి పెడితే ఆ బండికి ఉన్న కొద్దిపాటి వేగాన్ని కూడా మనమే తీసేసినవాళ్లమవుతాము. అయితే పాత బండి అంటే ఎప్పుడూ నెమ్మదిగా పోయేదని కూడా అనుకోకండి. 1955లో ఇటలీలో మిల్లె మిలియా రేసును స్టిర్లింగ్ మాస్ గంటకు 157 కిలోమీటర్ల సగటు వేగంతో, అదీ మామూలు రోడ్ల మీద గెలిచాడు. బండి వయసు చూసి కాకుండా ఆ రోజు అది పోతున్న వేగం చూసి లెక్క వేసుకోవాలి.

ఇక గోడ సంగతికి వద్దాం. ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్‌లో 1998 నుంచి జరుగుతున్న రివైవల్ పోటీల్లో 1948–66 మధ్య కాలపు కార్లు పరుగెడతాయి, చూడటానికి వచ్చేవారు కూడా ఆ కాలపు దుస్తులే వేసుకుంటారు. అక్కడి ఫోటోగ్రాఫర్‌కు నేపథ్యం బెడద తక్కువ. మన దగ్గర పరిస్థితి వేరు. పాతబస్తీలో మచ్లీ కమాన్ లాంటి ఒక కమాను వెనుక ఉండేలా బండిని పట్టుకోవాలంటే, ఆ కమానుకూ మనకూ మధ్య ఫ్లెక్సీలు, కేబుల్ తీగలు, మొబైల్ దుకాణాల బోర్డులు, హెల్మెట్లు పెట్టుకున్న నలభై మంది ఉంటారు. వారిని తప్పించలేము, తప్పించాల్సిన అవసరమూ లేదు. కెమెరాను బండితో పాటు తిప్పే పద్ధతి, అంటే ప్యానింగ్, వచ్చినవారికి ఆ బోర్డుల మీది అక్షరాలను చెరిపేసి కమాను ఆకారాన్ని మాత్రం ఉంచడం సాధ్యమే.

ఎంత చెరుగుతుందో ముందే తెలుసుకోవడానికి లెన్సు లెక్కలేవీ అక్కర్లేదు. బండి ఉన్న చోట మీ ఫ్రేము అడ్డంగా ఎన్ని మీటర్లు పడుతోందో చూడండి. నాలుగు మీటర్ల కారు ఫ్రేములో సగం ఆక్రమిస్తే ఫ్రేము వెడల్పు 8 మీటర్లు. 1/60 సెకనులో కారు సుమారు 17 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే ఫ్రేము వెడల్పులో సుమారు 2 శాతం. మీరు కారుతో సమానంగా తిరిగితే వెనుక కదలకుండా ఉన్నవన్నీ సరిగ్గా అంత మేరకే అడ్డంగా సాగుతాయి. 1/30కి అది 4 శాతం, 1/15కి 8 శాతం. మీరు దూరంగా నిలబడి పెద్ద లెన్సు వాడినా, దగ్గరగా నిలబడి చిన్న లెన్సు వాడినా, కారు ఫ్రేములో అదే సైజులో ఉంటే ఈ శాతం మారదు. ఇన్నేళ్లలో ఈ పనికి నాకు ఇంతకంటే ఉపయోగపడిన లెక్క మరొకటి లేదు.

కెమెరా తిరిగేటప్పుడు దగ్గరి గోడ, దూరపు మినారు ఫ్రేములో ఒకే దూరం జరుగుతాయి. కానీ దూరపు మినారు ఫ్రేములో సన్నగా ఉంటుంది కాబట్టి అదే ముందుగా గుర్తుపట్టలేనంతగా చెదిరిపోతుంది. బోర్డు మీది అక్షరం గీత ఫ్రేములో అర శాతం కూడా ఉండదు కాబట్టి 2 శాతం సాగితే చదవలేము. ఫ్రేములో 20 శాతం వెడల్పున్న కమాను మాత్రం అంచులు మెత్తబడినా కమానుగానే ఉంటుంది. గుర్తుపట్టవలసిన ఆకారం వెడల్పు దాని సాగుడుకు కనీసం అయిదు రెట్లు ఉండేలా చూసుకుంటాను. ఇది పుస్తకాల్లోని సూత్రం కాదు, నా ఫోటోలను నేనే కొలిచి పెట్టుకున్న హద్దు. ఈ హద్దు ప్రకారం 1/15 దగ్గర 40 శాతం కంటే చిన్న కట్టడం ఏదీ నిలవదు. అక్కడ చార్మినార్ అయినా రంగుల చారలే.

ఇప్పుడు శరీరం పని. కారు సరిగ్గా మీ ఎదురుగా వచ్చే చోటు ముందే ఎంచుకుని, పాదాలు ఆ వైపు పెట్టి, నడుము పైభాగాన్ని మాత్రం కారు వచ్చే వైపు తిప్పండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. కారును దూరం నుంచే వ్యూఫైండర్‌లో పట్టుకుని దానితో పాటు తిరుగుతూ, ఎదురుగా రాగానే మెత్తగా నొక్కి, నొక్కిన తరువాత కూడా తిరుగుతూనే ఉండండి. నొక్కగానే ఆగిపోవడం కొత్తవారందరూ చేసే తప్పు. విసనకర్ర విసిరేటప్పుడు చెయ్యి మధ్యలో ఆగుతుందా? ఇదీ అంతే. లెన్సులో స్టెబిలైజర్ ఉంటే దాన్ని ప్యానింగ్ పద్ధతికి మార్చుకోండి, లేదంటే మీరు కావాలని తిప్పుతున్నా అది చేతి వణుకు అనుకుని అడ్డుపడవచ్చు.

పాత బండితో పనిచేసేటప్పుడు చెవి కూడా పనిచేయాలి. తొలితరం గేర్‌బాక్సుల్లో గేర్లను తమంతట తామే కలిపే సింక్రోమెష్ ఉండదు. డ్రైవరు క్లచ్ నొక్కి, గేరు వదిలి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ క్లచ్ నొక్కి తరువాతి గేరు వేస్తాడు. ఆ క్షణంలో ఇంజిన్ శబ్దం తగ్గి, బండి ముక్కు కొద్దిగా వంగి, వేగం తడబడుతుంది. సరిగ్గా అప్పుడు నొక్కితే మీరు ఎంత నిలకడగా తిరిగినా ఫోటో చెదురుతుంది. శబ్దం మళ్లీ అందుకుని సమంగా సాగేవరకు ఆగండి.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేది కూడా చక్రమే. నేల మీద దొర్లే చక్రంలో నేలను తాకిన చోటు ఆ క్షణానికి కదలదు, పైభాగం బండికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. కెమెరా కదలకుండా తీసిన ఫోటోలో అందుకే కింది ఆకులు స్పష్టంగా, పై ఆకులు అలికినట్టుగా ఉంటాయి. కెమెరా బండితో సమానంగా తిరిగితే నడుమ ఇరుసు ఉండే కుండ స్పష్టంగా నిలిచి, చుట్టూ ఆకులన్నీ పైనా కిందా ఒకే తీరున తిరిగినట్టు కనిపిస్తాయి. ఫోటో పెద్దది చేసి ముందు చక్రం చూడండి. కింది భాగం పైభాగం కంటే స్పష్టంగా ఉంటే మీరు బండి కంటే నెమ్మదిగా తిరిగారని అర్థం.

నెమ్మదిగా తిరగడం వల్ల పుట్టిన ఒక గొప్ప ఫోటో కూడా ఉంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్తిగ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఫ్రెంచి గ్రాండ్ ప్రీ రేసులో తీసిన ఫోటోలో కారు వెనుక చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలి ఉంటుంది, ప్రేక్షకులూ స్తంభాలూ వెనక్కి వాలి ఉంటాయి. ఆ కెమెరా షట్టరు ఒక సన్నని చీలిక. అది ప్లేటు మీదుగా జరుగుతూ చిత్రంలో ఒక్కొక్క భాగాన్నీ ఒక్కొక్క క్షణంలో నమోదు చేస్తుంది. చీలిక ఒక కొస నుంచి మరో కొసకు చేరేలోపు కారు ఫ్రేములో ముందుకు జరిగింది, కెమెరా తిరగడం వల్ల జనం వెనక్కి జరిగారు. మన ఫోన్లలో సెన్సారు కూడా వరుసల వారీగానే చిత్రాన్ని చదువుతుంది కాబట్టి వేగంగా పోయే ఆర్టీసీ బస్సు ఫోన్ ఫోటోలో ఏటవాలుగా కనిపించడానికి కారణమూ అదే. ఈ అభ్యాసానికి కెమెరాలో మెకానికల్ షట్టర్ పెట్టుకోండి.

వెలుతురు గురించి క్లుప్తంగా చెప్తాను. మన ఎండలో, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సారు సున్నితత్వం) 100 దగ్గర 1/60 పెట్టాలంటే అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/20 దాకా మూయాల్సి వస్తుంది, అంత మూస్తే ఫోటో మెత్తబడుతుంది. మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లద్దం, వేస్తే ఎఫ్/7 దగ్గర తీయవచ్చు. ఉదయం ఎనిమిది లోపు వెళ్తే ఆ ఖర్చు కూడా ఉండదు.

ఈ వారం అభ్యాసానికి పాత కారు అక్కర్లేదు. ఉదయాన్నే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు రోడ్డు పక్కన, వాహనాలకు అడ్డం కాకుండా నిలబడండి. సైకిల్ గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతే 1/30 సెకనులో దాని చక్రం సుమారు 28 డిగ్రీలు తిరుగుతుంది, మన పాత కారు 1/60 దగ్గర తిరిగినంత. 1/125, 1/60, 1/30, 1/15 ఒక్కొక్కదాని దగ్గర ఇరవై సైకిళ్లను తీయండి. ఇరవైలో ఒకటో రెండో నిలిస్తే చాలు, నాకు ఇప్పటికీ అంతకంటే మెరుగ్గా రావడం అరుదు.

తరువాత ఆ నాలుగు వేగాల్లో ఒక్కొక్క మంచి ఫోటో ఎంచుకుని పక్కపక్కన పెట్టండి. వెనుక ఉన్న భవనం నడుమ పెద్ద కమాను ఏ వేగం దాకా కమానుగా ఉంది, ఏ వేగం దగ్గర ఒట్టి గులాబీ రంగు చారగా మారింది అన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కనే ఫ్రేములో ఆ కమాను వెడల్పు ఎంత శాతమో కొలిచి రాయండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే పాతబస్తీకి వెళ్తాము.