ఆమోదించిన ఫైలు మళ్లీ వెనక్కి రాకుండా ఉండాలంటే

జావా అప్లికేషన్‌లో ఫ్లోవబుల్ వంటి ఓపెన్ సోర్స్ ప్రాసెస్ ఇంజిన్ (పనిని ఒక దశ నుంచి మరో దశకు నడిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఒక చికాకు తరచూ ఎదురవుతుంది: మేనేజర్ ‘ఆమోదించు’ నొక్కాక ఈమెయిల్ సర్వర్ స్పందించకపోతే, ఆ ఆమోదం కూడా రద్దయి ఫైలు తిరిగి ఆయన జాబితాలోకే వచ్చి చేరుతుంది. యూజర్ టాస్క్ (మనిషి చేసే ఆమోదం), దాని వెంటనే వచ్చే సర్వీస్ టాస్క్ (ఇంజిన్ తానే చేసే ఈమెయిల్ పని) రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకటి విఫలమైతే రెండూ రద్దయ్యేలా, నడవడమే దీనికి కారణం.

దీన్ని సరిచేయడానికి జావా కోడ్ ముట్టుకోనక్కరలేదు. ప్రాసెస్ బొమ్మ గీసే మోడలర్‌లో ఆ సర్వీస్ టాస్క్‌ను ‘అసింక్రనస్’గా (తర్వాత విడిగా నడిచేదిగా) గుర్తించి, ఎక్స్‌ఎంఎల్‌లో దాని ఎక్స్‌టెన్షన్ ఎలిమెంట్స్ కింద ‘ఫెయిల్డ్ జాబ్ రీట్రై టైమ్ సైకిల్’కు ‘ఆర్5/పీటీ10ఎం’ (R5/PT10M) అనే విలువ ఇస్తే, ఆమోదం ముందుగానే డేటాబేస్‌లో నమోదైపోతుంది. ఈమెయిల్ పని విఫలమైతే ఇంజిన్ దాన్ని 10 నిమిషాల విరామంతో 5 సార్లు ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే ఆ పని డెడ్ లెటర్ పట్టికలోకి (ఇంజిన్ ఇక ప్రయత్నించని పనుల జాబితాలోకి) వెళుతుంది కనుక, రోజుకోసారి దాన్ని చూసుకోవడం మంచిది. ఇలాంటి పనులను నడిపే అసింక్ ఎగ్జిక్యూటర్ అనే భాగం ఇంజిన్‌లో ఆన్‌లో ఉండాలి, లేకుంటే పని వరుసలోనే ఉండిపోతుంది. ఈ మార్పుతో ప్రాసెస్ కొత్త వెర్షన్‌ను డిప్లాయ్ చేసినా (ఇంజిన్‌లో పెట్టినా), అప్పటికే నడుస్తున్న ఫైళ్లు పాత వెర్షన్‌లోనే కొనసాగుతాయి.

చెల్లింపుల వంటి పనులకు మాత్రం దీన్ని ఇలాగే పెట్టకూడదు. అవతలి సర్వీస్ డబ్బు పంపేసి, జవాబు మాత్రం మనకు చేరకపోతే, ఇంజిన్ అదే చెల్లింపును మళ్లీ పంపుతుంది. ప్రతి చెల్లింపుకూ విడిగా, మళ్లీ పంపినా మారని ఒక గుర్తింపు సంఖ్య జతచేసి, అది రెండోసారి వస్తే అవతలి సర్వీస్ తిరస్కరించేలా ఉంటేనే అక్కడ రీట్రై (మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు) పెట్టాలి.